పదకొండు చీటీలు, ఒకే ప్రశ్న: పదో తరగతిలో ఉప్పు సత్యాగ్రహం పాఠం ప్లాన్ చేసిన పద్ధతి (కేస్ స్టడీ)

మాది నెల్లూరు జిల్లాలో అల్లూరు వైపు, సముద్రానికి దగ్గర్లో ఉండే జడ్పీ హైస్కూలు. నేను సోషల్ స్కూల్ అసిస్టెంట్ ని. ఈ కేస్ స్టడీకి తీసుకున్న పదో తరగతిలో 38 మంది పిల్లకాయలు. ఓ ఏడెనిమిది మందికి పుస్తకంలో ఏ పేజీ ఇచ్చినా ఇంగ్లీషులోనే చదివి అర్థం చేసుకుని, పైగా ఎదురు ప్రశ్న వేసే సత్తా ఉంది. ఇంకో పది పన్నెండు మంది పక్కనున్న తెలుగు పేజీని కూడబలుక్కుని చదువుతారు. ఐదారుగురు ఒత్తులు, దీర్ఘాలు వచ్చిన చోట ఆగిపోతారు. మిగతావాళ్ళు మధ్యలో, వాళ్ళకి పాఠం ఎక్కిందో లేదో మొహం చూసి చెప్పలేం, ఎందుకంటే గమ్మున కూర్చుంటారు. ఇళ్ళు చూస్తే కొందరివి ఉప్పు మళ్ళ పని, కొందరివి రొయ్యల గుంటల కాపలా, కొందరివి చేపల వేట, కొందరిది వరి సేద్యం, యానాది కాలనీ నుంచి వచ్చే పిల్లకాయలు కూడా ఉండారు.

ఇట్టాంటి క్లాసులో హిస్టరీ ఎట్టా చెప్పాలని ఎవరిని అడిగినా వచ్చే సలహా ఒకటే, మూడు రకాల వర్క్ షీట్లు చేయండి సార్, బాగా చదివేవాళ్ళకి ఒకటి, మధ్యస్థంగా ఉండేవాళ్ళకి ఒకటి, వెనకబడినవాళ్ళకి ఖాళీలు పూరించేది ఒకటి అని. దీంతో నేను ఏకీభవించను. ఖాళీలు పూరించే షీటు చేతికొచ్చిన పిల్లోడికి తన స్థానం ఏందో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది, ఇంక వాడు ఆ పీరియడ్ అంతా ఆ ఖాళీల్లోనే ఉండిపోతాడు, ఆలోచించే అవకాశం వాడి దాకా రాదు. చదవడం రాకపోవడం వేరు, ఆలోచించడం రాకపోవడం వేరు. మన స్కూళ్ళలో ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తున్నాం, అందులోనూ హిస్టరీలో జరిగే నష్టం చాలా ఎక్కువ. అందుకని నా ప్లానింగ్ అంతా ఒకే మాట మీద నడుస్తుంది: ప్రశ్న అందరికీ ఒకటే, సాయం మాత్రం ఎవరికి ఎంత కావాలో అంత.

పదో తరగతిలో భారతదేశంలో జాతీయవాదం పాఠం చాలా పెద్దది. రౌలట్ చట్టం, జలియన్ వాలాబాగ్, సహాయ నిరాకరణ, మన అల్లూరి సీతారామరాజు, సైమన్ కమిషన్, ఉప్పు సత్యాగ్రహం, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. తేదీలు వరసగా బోర్డు మీద రాసుకుంటూ పోతే సిలబస్ అయిపోతుంది గానీ పిల్లకాయలకి ఏమీ మిగలదు. నేను పాఠం మొత్తం చదువుకుని మెలిక ఎక్కడుందా అని వెతికా. 1930 జనవరి 31న గాంధీ వైస్రాయ్ ఇర్విన్ కి రాసిన లేఖ దగ్గర దొరికింది. అందులో పదకొండు డిమాండ్లు ఉన్నాయి, మార్చి 11 లోపల ఒప్పుకోకపోతే శాసనోల్లంఘన మొదలుపెడతామన్నారు, ఇర్విన్ దిగిరాలేదు, 12వ తేదీన సబర్మతి నుంచి నడక మొదలైంది. పదకొండు అడిగిన మనిషి పట్టుకుని నడిచింది మాత్రం ఒక్క ఉప్పునే. ఎందుకు? అదే నా ప్రశ్న, మొత్తం 38 మందికీ. ఈ ప్రశ్న టాపర్ కి కూడా తేలిక కాదు, పుస్తకంలో దీనికి జవాబు ఒకటి రెండు వాక్యాల్లో ఉంది గానీ అది నమ్మాలంటే మిగతా పది డిమాండ్లు చూడాలి. చదవలేని పిల్లోడికేమో ఉప్పంటే ఏందో పుస్తకం చెప్పాల్సిన పనే లేదు.

ముందు చీటీలు తయారు చేశా. భూమి శిస్తు సగానికి తగ్గించాలి, సైనిక ఖర్చు సగం చేయాలి, పెద్ద అధికారుల జీతాలు తగ్గించాలి, సంపూర్ణ మద్య నిషేధం పెట్టాలి, ఉప్పు పన్ను ఎత్తేయాలి, విదేశీ బట్ట మీద సుంకం వేయాలి, తీరం వెంబడి సరుకు రవాణా మన ఓడలకే ఉంచాలి, రాజకీయ ఖైదీలను వదలాలి, సీఐడీ విభాగాన్ని రద్దు చేయాలి, ఆత్మరక్షణకి తుపాకీ లైసెన్సులు ఇవ్వాలి, రూపాయి మారకం రేటు ఒక షిల్లింగ్ ఆరు పెన్నీల నుంచి ఒక షిల్లింగ్ నాలుగు పెన్నీలకి తేవాలి. ఈ చివరిదాన్ని పిల్లకాయల భాషలోకి దించడానికి చాలా అవస్థ పడ్డా, చివరికి చీటీ మీద రూపాయి రేటు మార్చాలి, దీంతో విదేశాలకి సరుకు అమ్మేవాళ్ళకి మేలు అని రాశా. ఒక్కో చీటీ మీద పెద్ద అక్షరాల్లో ఒక్క వాక్యం, పక్కన చిన్న బొమ్మ. ఆ బొమ్మ ఎవరో కొందరి కోసం అని ఎవరికీ అనిపించదు, అందరి చీటీ మీదా ఉంటుంది కాబట్టి. సాయం ఇవ్వాల్సింది ఇట్టాగే అని నా అభిప్రాయం, అవసరం లేనివాడు దాన్ని చూడకుండా దాటిపోతాడు, అవసరమున్నోడు ఎవరూ చూడకుండా వాడుకుంటాడు.

ఆరు గుంపులు చేశా, ప్రతి గుంపులో గట్టిగా చదివేవాళ్ళు ఒకరన్నా ఉండేటట్టు చూశా, ఇద్దరు ప్రాణ స్నేహితులు ఒకే గుంపులో లేకుండా కూడా చూశా. గుంపులో ఒక్కొక్కరికి 1930 నాటి ఒక మనిషి పాత్ర. సొంత పొలం ఉన్న రైతు, పొలం లేని కూలి, బట్టల షావుకారు, నెల్లూరు కోర్టు వకీలు, ఉప్పు మళ్ళలో పనిచేసే మనిషి, ఇల్లు నడిపే అవ్వ. ఏడో మనిషి ఉన్న గుంపుకి చేపలు పట్టే మనిషిని ఇచ్చా. చేతికి గుప్పెడు చింతగింజలు. చదివే పిల్ల చీటీ పైకి చదువుతుంది, అది మీ బతుకుని తాకేదైతే దాని మీద ఒక గింజ పెట్టాలి, పెట్టినప్పుడు ఎందుకో ఒక్క ముక్క చెప్పాలి. చెప్పకుండా పెడితే గింజ వెనక్కి తీసేస్తారు. ఈ రూలు చాలా ముఖ్యం, ఇది లేకపోతే అది ఆట అయిపోతుంది, ఆలోచన ఉండదు.

పదిహేను నిమిషాల్లో బెంచీల మీద ఫలితం కంటికి కనపడిపోయింది. రూపాయి రేటు చీటీ మీద షావుకారు గింజ ఒక్కటే. భూమి శిస్తు మీద రైతు పెట్టాడు, కొన్ని గుంపుల్లో కూలి కూడా పెట్టాడు, ఆసామికి మిగిలితేనే గదా నాకు కూలి పెంచేది అని. తుపాకీ లైసెన్సు మీద వకీలు ఒక్కడే. ఉప్పు మీద మాత్రం అన్ని గుంపుల్లోనూ అందరి గింజలూ ఉన్నాయి. ఇదంతా నేను బోర్డు మీద ఒక్క ముక్క రాయకముందే.

అప్పుడు చేపల వాళ్ళ పిల్లోడు, మామూలుగా క్లాసులో నోరు తెరవడు, లేచి చెప్పాడు: "సార్, కూరలోకి చిటికెడే, ఎండుచేపలకి ఎంత ఉప్పు పట్టుద్దో మీకు తెలుసా? ఒకటికి రెండు గింజలు పెట్టాల నేను." అది పుస్తకంలో లేదు, నాకూ తట్టలేదు. పన్ను అందరి మీదా పడిందని రాసి ఉంటుంది గానీ అందరి మీదా ఒకే బరువు పడలేదని వాడు చెప్పాడు. అక్కడి నుంచి లెక్కలోకి పోయాం. అప్పుడు ఉప్పు మీద పన్ను మణుగుకి ఒక రూపాయి నాలుగణాలు, మణుగంటే 82 పౌండ్లు, మన లెక్కలో సుమారు 37 కిలోలు. రూపాయికి పదహారణాలు, అణాకి పన్నెండు పైలు అని బోర్డు మీద రాసి వదిలేశా. చదవడంలో బాగా వెనకబడి లెక్కల్లో చురుగ్గా ఉండే ఒక పిల్లోడు, మొత్తం 240 పైలు, కిలోకి ఆరున్నర, అంటే అర్ధణా పైన సార్ అని మిగతావాళ్ళ కంటే ముందు తేల్చాడు. జమీందారు కూడా అదే అర్ధణా, కూలి కూడా అదే అర్ధణా, మరి ఎవరికి బరువు అని అడిగితే దానికి గుంపులన్నీ ఒకేసారి అరిచాయి, పక్క క్లాసు నుంచి మ్యాథ్స్ మేడం వచ్చి తొంగి చూసి పోయింది.

రెండో పీరియడ్ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెట్టా. 1882 చట్టం ప్రకారం ఉప్పు తయారీ, అమ్మకం సర్కారు చేతిలో ఉంది, ఆ చట్టాన్ని గాంధీ ఏప్రిల్ 6న దండిలో ఉల్లంఘించాడు. ఏప్రిలే ఎందుకు? ఈ ఒక్క ప్రశ్న మీద ఆ రోజు జరిగింది కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే నా దృష్టిలో ఈ కేస్ స్టడీ మొత్తానికి గుండెకాయ ఇదే.

ఉప్పు మళ్ళ దగ్గర నుంచి వచ్చే ఒక పిల్లోడు, వాడికి సెలవుల్లో వాళ్ళ నాయనతో కలిసి మళ్ళలో పనిచేయడం అలవాటు, టక్కున అన్నాడు: "ఎండలు ముదిరినప్పుడే గదా సార్ ఉప్పు తేలేది. కార్తీకంలో పోతే యాడ దొరుకుద్ది?" ఇంకొంచెం చెప్పు అబ్బయ్యా అన్నా. వాడు బోర్డు దగ్గరికొచ్చి బొమ్మ గీశాడు. ముందు పెద్ద మడిలో ఉప్పునీళ్ళు పెడతారు, ఎండకి చిక్కబడతాయి, చిక్కబడిన నీళ్ళని చిన్న మళ్ళలోకి వదుల్తారు, అక్కడ గళ్ళుప్పు కడుతుంది, కొయ్య పారతో గట్టు మీదకి లాగుతారు, కుప్ప పోసి తాటాకులు కప్పుతారు, మధ్యలో ఒక్క వాన పడిందా చేసిందంతా నీళ్ళపాలు. నాలుగైదు నిమిషాలు చెప్పాడు, తడబడలేదు. క్లాసంతా నోరు మెదపకుండా విన్నారు. వాడు అప్పటిదాకా ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షల్లో యాభైకి పది దాటని పిల్లోడు.

ఇంతలో ముందు బెంచీలో బాగా చదివే అమ్మాయి పుస్తకం వెనక్కి తిప్పి, సార్, 1919లో రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా హర్తాళ్ చేసింది కూడా ఏప్రిల్ 6నే, అందుకే ఆ రోజు పెట్టుకున్నాడేమో అంది. ఆ తేదీ పాఠంలోనే ఉంది, మనం ఎన్నోసార్లు చదివి దాటేసి ఉంటాం. ఇప్పుడు క్లాసు ముందు రెండు జవాబులు నిలబడ్డాయి, ఒకటి పుస్తకం చదివి తెచ్చింది, ఒకటి మడిలో కాళ్ళు పెట్టి తెచ్చింది. ఏది కరెక్ట్ సార్ అని అడిగారు. నేను తీర్పు చెప్పలేదు. బోర్డు మధ్యలో గీత గీసి ఒక పక్క "దీనికి రాతలో ఆధారం ఉంది", ఇంకో పక్క "ఇది మనం ఊహించింది, పొసుగుతుందా చూడాలి" అని రాశా. 1919 తేదీ ఒకటే అన్నది ఆధారం ఉన్న విషయం, ఏప్రిల్ 6 నుంచి 13 దాకా జాతీయ వారంగా కాంగ్రెస్ వాళ్ళు జరుపుకునేవాళ్ళు కూడా. ఎండల సంగతి ఊహ, కానీ గుజరాత్ లో వానలు జూన్ లో మొదలవుతాయి కాబట్టి ఏప్రిల్ లో ఉప్పు దొరకడం పొసిగే ఊహ. గాంధీ ఎండ చూసుకునే బయల్దేరాడని మాత్రం మనం పరీక్షలో రాయకూడదు అని చెప్పా. ఆధారానికీ ఊహకీ తేడా అన్నది హిస్టరీలో అన్నిటికంటే కష్టమైన విషయం, అది ఆ రోజు ఒత్తులు రాని పిల్లోడి దగ్గర నుంచి టాపర్ దాకా అందరికీ అందింది. ఆ పిల్లోడి జవాబు తప్పని కొట్టేయలేదు, టాపర్ జవాబుతో సమానం అని అబద్ధం కూడా చెప్పలేదు. వాడు నొచ్చుకోలా, ఊహ కాలమ్ లో తన మాట ఉందని చూసుకున్నాడు.

దూరం గురించి ఎక్కువ సేపు పోలేదు. 78 మంది, 24 రోజులు, 240 మైళ్ళు అని పుస్తకంలో ఉంది. నెల్లూరు నుంచి చెన్నైకి నడిచిపోయి మళ్ళీ నడిచి వెనక్కి వచ్చినా ఇంకా కాస్త మిగిలే ఉంటుంది అని చెప్తే చాలు. ఒంగోలు పక్క దేవరంపాడులోనూ ఉప్పు సత్యాగ్రహం జరిగిందనీ, మన పెన్న ఒడ్డున పల్లిపాడు ఆశ్రమాన్ని గాంధీ 1921లోనే వచ్చి ప్రారంభించాడనీ మ్యాప్ మీద చూపించా.

నేను ప్లాన్ లో రాసుకోని మలుపు ఒకటి వచ్చింది. ఒక గుంపులో అవ్వ పాత్ర వేసిన అమ్మాయి మద్య నిషేధం చీటీ మీద గుప్పెడు గింజలు పోసేసింది. రూలు ప్రకారం ఒక్కటే పెట్టాలి గదా తల్లీ అంటే, "ఉప్పు పన్ను కడితే అర్ధణా పోద్ది సార్, తాగితే కూలి మొత్తం పోద్ది, గాంధీ దీన్నెందుకు పట్టుకోలేదు?" అని నన్నే అడిగింది. మన జిల్లాలో ఈ ప్రశ్నని వదిలిపెట్టి ముందుకి పోవడం న్యాయం కాదు. కలిగిరి మండలం దూబగుంట ఆడోళ్ళు సారాకి ఎదురు తిరగడం, 1992లో అది జిల్లా అంతా పాకి రాష్ట్రమంతా అంటుకోవడం, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం రావడం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం దాకా పోవడం, ఇది మన కళ్ళ ముందు హిస్టరీ. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది అప్పుడే. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిపూట చదువుకోవడానికి కూర్చున్న ఆడోళ్ళు తమ బతుకు గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టి సారా దుకాణం దాకా వెళ్ళారు.

సరే, మరి గాంధీ ఉప్పునే ఎందుకు పట్టుకున్నాడు? ఆ అమ్మాయి ప్రశ్నని క్లాసు మొత్తానికి వేసి గమ్మునుండిపోయా. జవాబు రావడానికి చాలాసేపు పట్టింది, నేను నోరు తెరవకుండా ఉండడం ఇక్కడ చాలా అవసరం. చివరికి మధ్య రకం పిల్లకాయల్లో ఒకడు, ఉప్పు చట్టాన్ని ఎవరైనా, ఏ తప్పూ చేయకుండా, నలుగురి ముందే ఉల్లంఘించొచ్చు సార్, నీళ్ళు కాస్తే చాలు, మద్యం విషయంలో ఉల్లంఘించడానికి చట్టం యాడుంది, షాపు ముందు కూర్చోవాల అంతే అన్నాడు. పికెటింగ్ అనే మాట వాడికి తెలియదు, అర్థం మాత్రం చెప్పేశాడు. అప్పుడు ఆ మాట బోర్డు మీద రాశా, శాసనోల్లంఘనలో మద్యం దుకాణాల ముందు పికెటింగ్ కూడా జరిగిందని పుస్తకంలో ఆ లైను వాళ్ళ చేతే వెతికించా.

ఇంటి పని కూడా ఇక్కడి నుంచే వచ్చింది. రెండు దారులు పెట్టా, ఎవరికి నచ్చింది వాళ్ళు. ఉప్పు మళ్ళలో పాత రోజుల్లో పని ఎట్టా ఉండేదో పెద్దవాళ్ళని అడగడం ఒకటి, 1992లో సారా గొడవ జరిగినప్పుడు ఊళ్ళో ఏం చూశారో అవ్వల్ని అడగడం ఇంకోటి. ఒక జాగ్రత్త మాత్రం ప్రతి టీచరూ పెట్టుకోవాలి, మీ ఇంట్లో ఎవరు తాగుతారు అన్న దిక్కుకి ప్రశ్న పోకూడదు, ఊరి గురించే అడగమని చెప్పాలి. రాయలేని పిల్లకాయలు విని వచ్చి నోటితో చెప్పొచ్చు, పక్కవాడు రాసి పెడతాడు, కింద ఇద్దరి పేర్లూ ఉంటాయి.

మూడో పీరియడ్ రాతకి. ఇక్కడ కూడా ప్రశ్న ఒకటే, పదకొండు డిమాండ్లలో ఉప్పునే ఎందుకు? పబ్లిక్ పరీక్షలో ఒక మార్కు, రెండు, నాలుగు, ఎనిమిది మార్కుల ప్రశ్నలుంటాయి గదా, అదే మెట్లుగా వాడుకున్నా. ముందు ఒక్క మాటలో జవాబు, తర్వాత దాన్ని "ఎందుకంటే" అని సాగదీసి రెండు వాక్యాలు, ఆ తర్వాత ఒక చీటీని ఉప్పుతో పోల్చి నాలుగు వాక్యాలు, ఆపైన చివరి మెట్టు: 1931 మార్చి 5 గాంధీ ఇర్విన్ ఒప్పందంలో తీరం పక్క ఊళ్ళవాళ్ళు సొంత వాడకానికి, ఊళ్ళో అమ్ముకోవడానికి ఉప్పు చేసుకోవచ్చన్నారు గానీ పన్ను అట్టాగే ఉంది, పన్ను పోయింది 1947లో, మరి ఉద్యమం గెలిచినట్టా కాదా? అందరూ మొదటి మెట్టు దగ్గరే మొదలుపెడతారు, టాపర్ కూడా. ఎవరు ఎంత పైకి పోగలిగితే అంత.

ఒత్తులు రాని ఒక అమ్మాయి రాసింది ఇది, అక్షర దోషాలు తీసేసి రాస్తున్నా: "ఉప్పు అందరూ తింటారు. ఎందుకంటే ఉప్పు లేకపోతే కూలోళ్ళూ తినలేరు దొరలూ తినలేరు. రూపాయి రేటు మా అవ్వకి తెలవదు." మూడో వాక్యంలో పోలిక వచ్చేసింది చూడండి, నాలుగు మార్కుల జవాబుకి కావాల్సిన ఆలోచన అంతా అందులో ఉంది, లేనిది భాషే. ఏడెనిమిది మంది చివరి మెట్టు దాకా పోయారు, అందులో ఇద్దరు గెలవలేదని, మిగతావాళ్ళు గెలిచిందని వాదించారు, రెండు వైపులా ఆధారాలు ఇచ్చారు కాబట్టి రెండు వైపులా మార్కులు వేశా. మధ్యవాళ్ళలో చాలామంది నాలుగు వాక్యాలు సొంతంగా రాశారు, గైడ్ లో లైన్లు రాలేదు, అదే నాకు పెద్ద సంతోషం.

అందరికీ అన్నీ వచ్చేశాయని చెప్పడం లేదు. చదవడం బాగా వెనకబడిన ఐదారుగురు ఈ పాఠం తర్వాత కూడా కొత్త పేజీ ఇస్తే ఆగిపోతారు, అది మూడు పీరియడ్లలో తీరే సమస్య కాదు. తెలుగు మేడంతో మాట్లాడి సోషల్ పుస్తకంలోని తెలుగు పేజీ నుంచే రోజూ ఒక పేరా వాళ్ళ చేత చదివించే ఏర్పాటు చేసుకున్నాం. పాఠంలో జరిగిన చర్చ ముందే బుర్రలో ఉంటే అక్షరం పట్టుకోవడం వాళ్ళకి తేలికవుతోంది, ఇది నేను రోజూ చూస్తున్నా. ఇంకో ఇబ్బంది, గుంపులో చదివేవాళ్ళు మిగతావాళ్ళ పని కూడా లాక్కుని చేసేస్తారు. దానికే గింజలు వాళ్ళ చేతికి ఇవ్వకూడదు, చదివే మనిషి చదవడమే, పెట్టే మనిషి పెట్టడమే.

మీది సముద్రం పక్క ఊరు కాకపోయినా ఇది నడుస్తుంది. ఉదయగిరి, కనిగిరి వైపు మెట్ట ఊళ్ళలో అయితే భూమి శిస్తు చీటీ దగ్గర, విదేశీ బట్ట చీటీ దగ్గర చర్చ ఎక్కువ లేస్తుంది, ఊళ్ళో పొలం, మగ్గం ఉన్న పిల్లకాయలు అక్కడ ముందుకొస్తారు. పాత్రల్ని మీ ఊరిని బట్టి మార్చుకోండి, పదకొండు డిమాండ్లని మాత్రం మార్చొద్దు, అవి లేఖలో ఉన్నవి.

సిలబస్ వెనకబడి ఒక్క పీరియడే దొరికితే దూరం, మ్యాప్, లెక్క అన్నీ తీసేయండి. పదకొండు చీటీలు కూడా అక్కర్లేదు, ఉప్పు, భూమి శిస్తు, రూపాయి రేటు, మద్య నిషేధం, ఈ నాలుగు చాలు. గింజలు పెట్టేటప్పుడు కారణం చెప్పాలన్న రూలు, చివర్లో అందరూ రాసే ఆ "ఎందుకంటే" వాక్యం, ఈ రెండూ మాత్రం తీయొద్దు.